సీతారావమ్మ మిరప

మైమూనాకి యాభై దాటాయి. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. గురజాల బస్టాండుకు ఎదురు సందులో ఆమె ఫొటో స్టూడియో ఉంది. కొత్తవాళ్ళెవరైనా దారి అడిగితే, ఆ గొంతు వినపడే కొట్టేనని చెప్పి పంపిస్తారు. అరుస్తుందంటే తిడుతుందని కాదు లెండి. ఫొటోకి కూర్చున్న మనిషిని నవ్వించడం ఆమె పద్ధతి. "ఏందన్నా ఆ మొహం, అప్పులోడు ఎదురొచ్చినట్టు? నేను మైమూనాని, బ్యాంకోళ్ళని కాదు" అంటుంది. పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదని రూలు ఉందిగానీ, ఆమె దగ్గర తీయించుకున్నవాళ్ళ పాస్‌పోర్టులు చూడండి, పెదవి ఒక మూల కాస్త వంకర తిరిగే ఉంటుంది.

స్టూడియో పెట్టింది ఆమె తండ్రి అలీ సాహెబ్. అప్పట్లో పల్లెల్లో పెళ్ళికి ఫొటోగ్రాఫరును పిలిచినా అతను పందిట్లోనే ఆగిపోవాలి. లోపలి గదిలో పెళ్ళికూతుర్ని చేసేటప్పుడో, పెద్దమనిషైన పిల్లని పీట మీద కూర్చోబెట్టినప్పుడో మగవాడు గడప తొక్కితే ముసలమ్మలు చీపురు తిరగేసేవాళ్ళు. అలీ సాహెబ్ ఉపాయం ఆలోచించాడు. పదో తరగతి తప్పి ఇంట్లో ఈగలు తోలుకుంటున్న కూతురి మెడలో కెమెరా వేసి, "పిల్ల గదా, పోనియ్యండమ్మా" అని లోపలికి పంపాడు. ఆ పోవడం పోవడం మైమూనా ప్రతి ఇంటి వంటగదిలోకీ పోయింది. ఏ ఊరు వెళ్ళినా పొయ్యి మీద మూత తీసి చూసి, "కూరలో ఉప్పు తక్కువైంది వదినా" అని చెప్పేంత చనువు సంపాదించుకుంది. ఆమె భర్తకి బస్టాండు వెనక టైర్ల కొట్టు. ఆయనకి మాటలు తక్కువ, ఇంట్లో మాట్లాడే పని మొత్తం పెళ్ళైన రోజే భార్యకి అప్పజెప్పేశాడు.

స్టూడియోలకి మామూలుగా సీజను పెళ్ళిళ్ళ నెలల్లో ఉంటుంది. మైమూనా స్టూడియోకి ఇంకో పని ఏడాది పొడుగునా ఉంటుంది. ఊళ్ళో మనిషి పోతే, ఇంట్లో ఏడుపులు సద్దుమణగకముందే ఒకడు మోటారు సైకిలెక్కి ఆమె దగ్గరికి వస్తాడు. ఫ్లెక్సీకి ఫొటో కావాలి, పెద్దకర్మ నాటికి పటం కావాలి. పోయినాయనేమో బతికున్నన్నాళ్ళూ, 'నాకెందుకురా ఫొటో' అని తప్పించుకు తిరిగినవాడు. ఏ ఏడాదో తెలియదు, ఏ ఊళ్ళోనో తెలియదు, "మా మేనత్త కూతురి పెళ్ళిలో ఒకసారి తెల్లచొక్కా ఏసుకున్నాడు అత్తా" అంటాడు వచ్చినవాడు. మైమూనా వెతికి ఇస్తుంది. పటం కట్టించుకుని పోయేటప్పుడు వాళ్ళు ఆ మొహాన్ని చేత్తో తుడుస్తారు. అది చూసినప్పుడల్లా ఆమెకి తండ్రి మాట గుర్తొస్తుంది. "బేటీ, వాళ్ళు మనకి పైసలిచ్చేది ఫొటో తీసినందుకు కాదు, దాచినందుకు" అనేవాడు అలీ సాహెబ్.

అందుకని తీసిన మొహాన్ని చెరపడమన్నది వాళ్ళ ఇంటా వంటా లేదు. రీళ్ళ కాలం పోయి కంప్యూటర్ల కాలం వచ్చాక కూడా అంతే. ఒక స్టీలు అల్మారా నిండా హార్డ్ డిస్కులు, ఒక్కోదానికీ పాత దిండు గలీబు తొడిగి ఉంటుంది. వాటిలో ఫొటోలు తారీఖుల వారీగా ఉండవు. తారీఖు ఎవడికి గుర్తుంటుంది? ఊరు, ఊళ్ళో ఇంటిపేరు, ఆ ఇంట్లో మనుషులు. పెళ్ళైనా, పుట్టినరోజైనా, గేదెను కొన్న రోజైనా సరే, ఆ ఇంటి ఫొటోలు ఆ ఇంట్లోకే పోవాలి. మైమూనా అల్మారా తెరిస్తే గురజాల చుట్టూ ఉన్న పల్లెలు వీధుల వారీగా కనపడతాయి.

ఆమెకి మొన్నటి ఏడాది ముప్పు తెచ్చిపెట్టింది సరిగ్గా ఈ పద్ధతే.

సంగతి ఇలా మొదలైంది. హైదరాబాదు నుంచి ఒక విత్తనాల కంపెనీ వచ్చింది. కొత్త మిరప రకం తయారుచేశారట. ఇంకా బజారులోకి వదల్లేదు, పేరు కూడా పెట్టలేదు, ఒక నంబరు మాత్రం ఉంది. చుట్టుపక్కల కొందరు రైతుల చేలల్లో ట్రయల్ వేశారు. నారు నాటిన దగ్గర్నుంచి ఆఖరి కోత దాకా మొక్క ఎట్లా ఎదుగుతోందో ఫొటోలు తీసే కాంట్రాక్టు మైమూనాకీ, ఆమె తమ్ముడు జానీకీ ఇచ్చారు. జానీ దగ్గర డ్రోను ఉంది. ఆ డ్రోను మీద అతనికి భార్య మీద కంటే మోజెక్కువని ఆ భార్యే చెబుతుంది. కంపెనీ ఫీల్డు ఆఫీసరు చైతన్య, మెతక కుర్రాడు, నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం పట్టుకొచ్చి, "ఫార్మాలిటీ మేడం, కింద సంతకం పెట్టండి" అన్నాడు. అక్క చదివే ఉంటుందని తమ్ముడు సంతకం పెట్టాడు. తమ్ముడు పెట్టాడు కదా, చదివే ఉంటాడని అక్క పెట్టింది.

ఆ కాగితంలో ఉన్నది ఇదీ. ఈ ఫొటోలన్నీ కంపెనీ రహస్యం. ఎవరికీ చూపించకూడదు. పని అయిపోయాక ఒక్క కాపీ కూడా మీ దగ్గర ఉంచుకోకూడదు.

పని అయిపోయింది. ఫొటోలన్నీ చైతన్య చేతికిచ్చారు. అలవాటు ప్రకారం ఒక కాపీ అల్మారాలోకి పోయింది. ఎక్కడ పెట్టాలన్న దగ్గర మైమూనా కాసేపు ఆలోచించింది. కంపెనీకి ఊరేది, ఇంటిపేరేది? చేను ఎవరిదైతే ఆ ఇంట్లో పెట్టేస్తే సరి అనుకుంది. సీతారావమ్మ చేలో తీసిన మిరప ఫొటోలు తీసుకెళ్ళి సీతారావమ్మ కొడుకు పెళ్ళికీ, మనవడి అన్నప్రాసనకీ మధ్యలో పెట్టింది. మిగతా రైతులవీ అంతే. రహస్యం కాస్తా ఊళ్ళమ్మట ఇల్లిల్లూ చేరిపోయింది.

సీతారావమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. పక్క పల్లెలో సొంతంగా వ్యవసాయం చేసే మనిషి. ట్రాక్టరు డ్రైవర్ని కూర్చోబెట్టి బేరమాడితే అతను లేచి పోయేటప్పుడు ఎదురు డబ్బులిచ్చి పోతాడంటారు. ఎదురుగా కూర్చుంటే నవ్వుతూనే ఉంటుంది, కెమెరా ఎత్తితే చాలు మొహం బిగుసుకుపోతుంది. కొడుకు పెళ్ళి ఆల్బం అంతా పోలింగు బూత్‌లో ఏజెంటు కూర్చున్నట్టే కూర్చుంది. మైమూనాకి ఆమె పాతికేళ్ళుగా లొంగలేదు. అలాంటిది ట్రయల్ చేలో ఒకరోజు జానీ డ్రోను వేపచెట్టుకు చిక్కుకుంది. దాన్ని దించడానికి జానీ చెట్టెక్కి, ఎర్రచీమలు కుడితే లుంగీ సంగతి కూడా మర్చిపోయి కిందికి దూకాడు. చేతిలో కాయల కొమ్మ పట్టుకుని చూస్తున్న సీతారావమ్మ విరగబడి నవ్వింది. మైమూనా క్లిక్కుమనిపించింది. ఎర్రటి కాయలు గుత్తులుగా చెంపకి ఆనుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగే నవ్వు. వెనకాల కంపెనీ బోర్డు, దాని మీద నంబరు.

ఆ వేసవిలో సీతారావమ్మ పాల సొసైటీకి ప్రెసిడెంటయింది. వాళ్ళ బంధువులు ఫ్లెక్సీ వేయించడానికి మైమూనా దగ్గరికి వచ్చారు. "మంచి ఫొటో చూసి పెట్టు మైమూనక్కా, ఆమె మొహం సంగతి నీకు తెలుసు గదా" అన్నారు. మైమూనాకి మంచి ఫొటో ఒక్కటే తెలుసు. కంపెనీ గుర్తు రాలేదా అంటే రాలేదు, ఆమె అల్మారాలో అది సీతారావమ్మ ఇంటి ఫొటో. గురజాల సెంటర్లో లారీ అంత ఫ్లెక్సీ లేచింది. నంబరుతో సహా.

వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆగారు. ఆగినవాళ్ళు ప్రెసిడెంటు గార్ని చూశారా? లేదు, కాయల్ని చూశారు. పల్నాడు రైతు కదా, మనిషి కంటే ముందు మొక్క కనపడుతుంది. "ఆ కాపేందిరా, ఏం రకం అది?" అని మొదలైంది. వారం తిరక్కుండానే మిరప రైతులు విత్తనాల కొట్లకి పోయి సీతారావమ్మ మిరప ఉందా అని అడగడం మొదలెట్టారు. మాచర్ల నుంచి కూడా అడిగారట. సీతారావమ్మకి ఇది భలే నచ్చింది. "ఎంతమందికి మిరపకాయకి పేరు పెట్టించుకునే యోగం పట్టుద్దే" అంది మైమూనాతో. అలా ఇద్దరూ టీ తాగుతూ నవ్వుకుంటున్న వారంలోనే రిజిస్టరు పోస్టులో కంపెనీ నోటీసు వచ్చింది.

జానీ చదివాడు. చదువుతున్నకొద్దీ గొంతు సన్నబడింది. రహస్య ఫైళ్ళు అక్రమంగా ఉంచుకున్నందుకు, పబ్లిగ్గా బయటపెట్టినందుకు మీ ఇద్దరి మీద కోర్టుకు వెళ్తున్నాం. స్టూడియో, ఇల్లు, మొగుడి టైర్ల కొట్టు కలిపి అమ్మినా రానంత పరిహారం కట్టాలి. అదీగాక, మీ దగ్గరున్న హార్డ్ డిస్కులన్నీ కంపెనీకి అప్పగించాలి, వాటిని ధ్వంసం చేస్తాం.

పరిహారం దగ్గర మైమూనా కళ్ళు తిరగలేదు. "లేనిది ఎట్టా ఇస్తాం, ఎట్టా తీసుకుంటారు?" అంది. డిస్కులన్నీ అన్న మాట దగ్గర మాత్రం ఆమె అల్మారా వైపు చూసి, స్టూలు మీద కూలబడింది. "మనవి గాదురా అవి. జనాలవి" అంది.

కోర్టులో ధరణి అని చిన్న వకీలు ఉంది. ఆమె పెళ్ళి ఫొటోలూ, నల్లకోటు మొదటిసారి వేసుకున్నప్పటి ఫొటో కూడా మైమూనా తీసినవే. అక్కాతమ్ముళ్ళు ఆమె దగ్గరికి పోయారు.

"పిన్నీ, ఈ సంతకం నీదేనా?" అని అడిగింది ధరణి.

"నాదే."

"ఫ్లెక్సీ నువ్వే వేశావా?"

"నేనే. బాగొచ్చింది గదా?"

"బాగానే వచ్చింది. నేను వాదించడానికే ఏమీ మిగల్చలేదు నువ్వు" అంది ధరణి నవ్వాపుకుంటూ. తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పింది. కంపెనీ ఫొటోల మీద హక్కు కంపెనీదే, దాని గురించి మాట్లాడేదేం లేదు, క్షమాపణ చెప్పుకోవడమే. మిగతా ఫొటోల జోలికి రావడానికి వాళ్ళకి హక్కు లేదు. "కానీ పిన్నీ, రెండూ కలిపేశావు గదా. ఏది ఎవరిదో నువ్వు చెబితే వాళ్ళెందుకు నమ్మాలి? కంపెనీవాళ్ళని పిలిపించి మాట్లాడదాం" అంది.

దారిలో జానీ తన ఉపాయం బయటపెట్టాడు. డిస్కులన్నీ అత్తగారింటికి చేర్చేసి, సాగర్ కాలవలో పడిపోయినయ్యని చెబుదామన్నాడు.

"కాలవలో పడేది నువ్వు" అంది మైమూనా. "తప్పు చేసి పైన అబద్ధమా? నాయన ఉంటే నిన్ను డ్రోనుకి కట్టి ఎగరేసేవాడు."

అన్నదే గానీ ఆ వారమంతా ఆమె నోట్లోంచి సరైన హాస్యం ఒక్కటి కూడా రాలేదు. ఫొటోకి వచ్చినవాళ్ళు తమంతట తామే నవ్వాల్సి వచ్చింది.

అనుకున్న రోజున ధరణికి కోర్టులో పని పడింది, కంపెనీ కారు మాత్రం వచ్చి సందు మొదట్లో ఆగింది. కంపెనీ లాయరు సంజన దిగింది, ముప్పై ఏళ్ళుంటాయి, చేతిలో పెద్ద ఖాళీ బ్యాగు. వెనకాల చైతన్య, తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూసుకుంటూ. మైమూనా ఇద్దరికీ టీ పోసింది. సంజన టీ ముట్టుకోకుండా బ్యాగులోంచి ఒక విత్తనాల ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద అచ్చు వేసిన స్టిక్కరు: సీతారావమ్మ మిరప.

"ఇది మా విత్తనం కాదండీ" అంది సంజన. "మాది ఇంకా బయటికే రాలేదు. ఎవరో ఏవో గింజలకి మీ ఫ్లెక్సీ పేరు అతికించి అమ్ముతున్నారు. ఇది వేసిన రైతుకి కాపు రాకపోతే ఎవరిని అడుగుతాడు?"

మైమూనా ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది. నకిలీ విత్తనం అంటే ఏమిటో పల్నాట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బ తిన్న ఇళ్ళు ఆమె అల్మారాలోనే ఎన్ని ఉన్నాయో ఆమెకి తెలుసు. అంతవరకూ లోపల ఎక్కడో, 'ఒక్క ఫొటోకి ఇంత గోలేంది' అన్న రోషం ఉండేది, అది కాస్తా దిగిపోయింది.

"తప్పు చేశానమ్మా" అంది. "కాగితం చదవకపోవడం తప్పు, కాపీ పెట్టుకోవడం తప్పు. మీ ఫొటోలు ప్రతి ఒక్కటీ ఏరి ఇస్తా. ఆ ఫ్లెక్సీ దించేసి, ఈ ప్యాకెట్టు కొనొద్దని సెంటర్లో నా ఖర్చుతో ఇంకో ఫ్లెక్సీ కడతా. డిస్కులు మాత్రం అడగబాక."

"ఏరి ఇచ్చారని నేనెలా నమ్మాలి? ఇళ్ళల్లో కలిపేశారట కదా." సంజన గొంతు పెంచలేదు, తగ్గనూ లేదు. "మీ మీద నాకేం కోపం లేదు. అప్పగించకపోతే నేను కోర్టుకు వెళ్ళక తప్పదు."

మైమూనా లేచి అల్మారా తలుపుకి వీపు ఆనించి నిలబడింది. జానీ దండం పెట్టాడు, కోర్టు అంటే మాటలు కాదు ఆపా అని అక్కని బతిమాలాడు. ఆఖరికి ఆమే పక్కకి జరిగింది. సంజన గలీబులు తొడిగిన డిస్కులు ఒక్కొక్కటే బ్యాగులో పెట్టుకుంటోంది. చైతన్య బయటికి పోయి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు వచ్చాడు తేజ అనే కుర్రాడు, పక్క ఊరివాడు, చెప్పుల్లేకుండా. "మైమూనత్తా, మా తాత పోయాడు పొద్దున" అన్నాడు. "ఫొటో లేదు. ఆధార్ కార్డులో ఉంది గానీ అది మా తాతలాగ లేదు."

మైమూనా సంజన వైపు చూసింది. సంజన బ్యాగు జిప్పు తీసి, "ఏది కావాలి?" అని అడిగింది.

"నీలం పూల గలీబు."

తేజ తాతకి సొంతింట్లో ఫొటో లేదు. కొడుకు పెళ్ళిలో లేడు, గొడవపడి రాలేదట. మనవరాలి ఫంక్షనులో వెనకాల ఒక భుజం మాత్రం ఉంది. మైమూనా ఆ ఇంటి పక్కింట్లోకి పోయింది, వాళ్ళ వియ్యంకుల ఇంట్లోకి పోయింది. తెర మీద మనుషులు వచ్చి పోతున్నారు. సంజన తనకి తెలియకుండానే కుర్చీ దగ్గరికి లాక్కుంది. చివరికి ఎవరిదో పెళ్ళి భోజనాల బంతిలో, మూడో విస్తరి దగ్గర, లడ్డు కొరుకుతూ పక్కవాడికేదో చెబుతున్న ముసలాయన కనపడ్డాడు.

"అడుగో" అన్నాడు తేజ. "అట్టాగే ఉండేవాడు. ఎప్పుడూ నోట్లో ఏదో ఒకటి పెట్టుకునే మాట్లాడేవాడు." అని నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. మైమూనా ఆ కుర్రాడి వీపు నిమిరి, "లడ్డు తీసేయనా?" అని అడిగింది. వద్దన్నాడు.

తేజ పటం పట్టుకుని పోయాక సంజన చల్లారిపోయిన టీ తాగింది. తర్వాత బ్యాగులోంచి డిస్కులు తనే తీసి బల్ల మీద పేర్చింది. "నేను కూర్చుంటాను. ప్రతి ఇల్లూ తెరవండి. మా ఫొటోలు నా కళ్ళ ముందే బయటికి తీద్దాం, చెరిపేద్దాం. ఒక్కటి కూడా మిగల్లేదని నేను సంతకం పెడతాను. ఫ్లెక్సీ మాట నిలబెట్టుకుంటే కేసు లేకుండా చూసే పూచీ నాది" అంది. హైదరాబాదుకు ఫోను చేసి చాలాసేపు ఇంగ్లీషులో వాదించింది కూడా.

ఏరడం మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. మైమూనా ఇంటి నుంచి గోంగూర పచ్చడీ, అన్నమూ వచ్చాయి. సంజనకి పెళ్ళిళ్ళ మధ్య మిరపచేలు దొరకడం కంటే మిరపచేల పక్కన పెళ్ళిళ్ళు దొరకడం మీద ధ్యాస ఎక్కువైంది. "ఈవిడెవరు? మొగుడి మీద అలిగిందా?" అని అడిగేది. "అలగడమా, ఆ రోజు పట్టుచీర మీద సాంబారు పోశాడు" అని మైమూనా చెప్పేది. మైమూనాకి మళ్ళీ మాట వచ్చింది, సందు చివరి దాకా వినపడింది. కంపెనీ ఫొటోలన్నీ ఒకచోట చేరాయి. ఆకులు, పూత, పిందె, కాయ. వాటిని చెరపడానికి ఆమెకి పెద్ద బాధ లేకపోయింది, మొక్కలే కదా. రైతులున్నవాటిలో కూడా పక్కనున్న చేను కత్తిరించి మనిషిని ఉంచుకోవడానికి సంజన ఒప్పుకుంది.

చివరికి మిగిలింది సీతారావమ్మ నవ్వు.

అది కత్తిరించడానికి కుదరదు. కాయలు చెంపకి ఆనుకుని ఉన్నాయి, వాటిని కోస్తే చెంప పోతుంది. చెంప పోతే నవ్వు ఎక్కడుంటుంది?

"ఇదొక్కటీ వదిలెయ్యమ్మా" అంది మైమూనా. "పాతికేళ్ళలో ఆమె నా కెమెరాకి నవ్విన ఫొటో ఇదొక్కటే."

"గొడవంతా తెచ్చింది ఈ ఒక్కటే కదా మేడం. దీన్ని ఉంచి మిగతావి చెరిపాను అంటే నేను ఏమని సంతకం పెట్టను?"

"అయితే కోర్టుకే పోదాం" అంది మైమూనా. జానీ నెత్తి పట్టుకున్నాడు. ఇంతా చేసి ఒక్క ఫొటో దగ్గర మళ్ళీ మొదటికొచ్చింది. "ఆపా, అన్ని డిస్కులూ దక్కినయ్ గదా" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. మొక్కని చెరపడం వేరు, మొహాన్ని చెరపడం వేరు. ఇది ఇవాళ చెరిపితే రేపు ఇంకొకటి చెరపడానికి చెయ్యి అలవాటు పడుతుందని ఆమె భయం. ఆ మాట పైకి చెప్పింది కూడా.

ఎవరు చేరవేశారో గానీ సీతారావమ్మే ఆటో దిగి వచ్చింది. తన పేరుతో ఎవడో దొంగ విత్తనాలు అమ్ముతున్నాడని అప్పటికే మండిపడుతోంది. విషయం విని, చెప్పులు గుమ్మంలో వదిలి లోపలికొచ్చి, తెర మీద తన మొహాన్ని అటూ ఇటూ తల తిప్పి చూసుకుంది.

"దీనికా ఇంత రాద్ధాంతం? చెరిపెయ్యి" అంది.

"అట్టా అనబాక అక్కా. నీకు వేరే మంచిది లేదు. రేపు..." మైమూనా ఠక్కున ఆగిపోయింది.

"రేపు? చెప్పు, ఆపావేంది? రేపు నేను పోతే పటానికి కావాలనా?"

జానీ గోడ వైపు తిరిగాడు. మైమూనా తల వంచుకుంది, ఆమె తల వంచుకోవడం ఆ సందులో ఎవరూ చూసి ఉండరు.

"ఏమే మైమూనా" అంది సీతారావమ్మ. ఆ గొంతులో కోపం లేదు. "నేను పోయినాక నా మొహం ఎట్టా ఉండాలా అని ఏడుస్తన్నావు గానీ, నేను యాడికి పోయానే? నీ ఎదురుగానే ఉన్నా గదా. కెమెరా నీ పక్కనే ఉంది. అది చెరిపేసి మళ్ళా తియ్యి."

అన్నేళ్ళుగా మైమూనా దాచిన మొహాల్లో ఎన్నిటికో 'మళ్ళా తియ్యి' అనే వీలు లేదు. వాటిని కాపాడి కాపాడి, అనగలిగిన మనిషి ఇంకా ఎదురుగా ఉండడం ఎంత పెద్ద సంగతో ఆమె చూడనే లేదు. కళ్ళు తుడుచుకుని, కుర్చీ కంప్యూటరు దగ్గరికి జరుపుకుంది. చెరపమంటావా అని కంప్యూటరు అడిగింది. మైమూనా సీతారావమ్మ వైపు ఒకసారి చూసి, చెరిపేసింది. సంజన సంతకం పెట్టింది.

తర్వాత మైమూనా సీతారావమ్మని సందులోకి, వెలుగులోకి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. నకిలీ ప్యాకెట్టు కొనొద్దని చెప్పే ఫ్లెక్సీకి ఫొటో కావాలి కదా. కెమెరా ఎత్తగానే ఆ మొహం ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. "ఇది బాగుంది. దీన్ని చూస్తే దొంగ విత్తనాలోడు ఊరొదిలి పోతాడు" అంది మైమూనా. ఫ్లెక్సీకి అది ఖాయమైపోయింది. అయినా ఆమె కెమెరా దించలేదు.

"అయిందిగా, ఇంకేంది?" అంది సీతారావమ్మ. "పాలు తియ్యాల, పొద్దుపోతంది."

"నువ్వు నవ్విందాకా వదల్ను."

"నాకు నవ్వు రాదే ఇప్పుడు."

"అయితే రేపు రా."

"రేపు రాకపోతే?"

"ఎల్లుండి రా. లేదంటే నేనే వస్తా మీ పాల సొసైటీకి" అంది మైమూనా స్టూలుకి ఎదురుగా అరుగు మీద తీరుబాటుగా కూర్చుంటూ. ఆమెకేం తొందర లేదు. మనిషి ఎదురుగానే ఉంది.